రాసే ముందు శైలి తేల్చుకో

తమ్ముడూ,

పోచంపల్లి ఆసు మీద, అంటే చీర నేతకు ముందు చేత్తో నూలు చుట్టే పని మీద, నువ్వు రాసిన స్క్రిప్టు చదివాను. 26 నిమిషాల డాక్యుమెంటరీకి దాదాపు 2,600 మాటల వ్యాఖ్యానం! తెలుగులో తీరిగ్గా చదివితే నిమిషానికి నూరు మాటలు దాటడం కష్టం. అంటే మొదటి షాటు నుంచి చివరి షాటు దాకా గొంతు ఆగదన్నమాట. మరి మగ్గం చప్పుడు ఎప్పుడు వినాలి?

నీ వాక్యాలు బాగానే ఉన్నాయి. శైలి తేల్చుకోకుండా రాశావు, అదీ చిక్కు. షూటింగుకి బయల్దేరక ముందే అది తేలాలి. ఒక శైలి కోసం తీసిన ఫుటేజీ ఇంకో శైలికి సరిగ్గా అమరదు. ఎడిటింగు గదిలో మనసు మార్చుకుంటే మిగిలేది అతుకుల బొంతే.

నీకు చేయి తిరిగింది వ్యాఖ్యాన శైలిలో. 1948లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను సినిమా హాళ్ళలో అసలు బొమ్మకు ముందు వేసేవారు. ఆ గంభీరమైన గొంతు మన దేశంలో డాక్యుమెంటరీకి మారుపేరైపోయింది. చరిత్ర, లెక్కలు, కంటికి కనబడని కారణాలు చెప్పాలంటే ఇప్పటికీ ఇదే దగ్గరి దారి. కనిపించేదాన్నే మళ్ళీ చెప్పడం దీనికి పట్టే జబ్బు. "ఆమె నూలు చుడుతోంది" అన్నావు. చుడుతోందని చూస్తూనే ఉన్నాం. ఒక్క చీరకి ఆ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలన్నది కనిపించదు. అది రాయి.

ఇంకొకటి, తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా ఎదురయ్యేది. మన క్రియ చివర వస్తుంది, విశేషణాలన్నీ నామం ముందు బారులు తీరతాయి. "ముందుగా ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పిన నూలుతో నేసిన చీర ఇది" అని నువ్వు రాసిన వాక్యంలో చీర అన్న మాట వచ్చేసరికి తెరమీద చీర వెళ్ళిపోయి ఉంటుంది. కాగితం మీద ఇలాంటి వాక్యం నిలబడుతుంది, చెవిలో నిలబడదు. విరగ్గొట్టు: "ముందు ముడి. ఆ తర్వాత రంగు. ముడి విప్పితే, రంగు అంటని చోటే పువ్వు." ఒక్కో ముక్క ఒక్కో షాటు మీద పడుతుంది. షాటు మారాక ఒకటి రెండు సెకన్లు ఆగి మాట మొదలవ్వాలి. ముందు కంటిని చూడనివ్వు.

ఆసు పోయడానికి నిజంగా నప్పేది పరిశీలన శైలి, అంటే జరిగేదాన్ని జరుగుతున్నట్టే తీయడం, అని నా అభిప్రాయం. 1960లో రాబర్ట్ డ్రూ బృందం అమెరికాలోని విస్కాన్సిన్‌లో కెనెడీ, హంఫ్రీల ఎన్నికల ప్రచారం వెంట తేలికపాటి కెమెరాలతో తిరిగి 'ప్రైమరీ' తీసింది. బొమ్మతోపాటే అక్కడి శబ్దమూ పట్టుకుని, వ్యాఖ్యానం బాగా తగ్గించారు. చవక అనుకోకు. ఒక నిమిషం తెరమీదికి రావాలంటే 30, 40 నిమిషాలు తీయాల్సి వస్తుంది. మొదటిరోజు ఇంట్లోవాళ్ళు కెమెరా వైపే చూస్తుంటారు, ఆ రోజు తీసింది పోయిందనుకో. ప్రతి చోటా ఎవ్వరూ మాట్లాడకుండా 60 సెకన్లు ఉత్త గది శబ్దం రికార్డు చెయ్యి. అది లేకపోతే కోత పడిన ప్రతిచోటా శబ్దం గతుక్కుమంటుంది. ఇంత చేశాక రచయితకి మిగిలే పని? టైమ్‌కోడ్‌తో (ఆ మాట ఫుటేజీలో ఎక్కడుందో చెప్పే సమయం అంకెతో) సహా మాటలన్నీ ఎత్తి రాసి, కాగితం మీద వరస పేర్చడం. రాతలో సగం అదే.

ముఖాముఖి శైలికి దిగితే మగ్గం ఆపించు, సీలింగు ఫ్యాను ఆపించు. నీ ప్రశ్న కోతలో పోతుంది కాబట్టి, "ఎన్నేళ్ళుగా?" అంటే "ఇరవై" అని కాకుండా "ఇరవై ఏళ్ళ నుంచి ఆసు పోస్తున్న" అని పూర్తిగా చెప్పమని ముందే అడుగు. ఆమె యాసను సబ్‌టైటిల్లో దిద్దకు. నువ్వూ తెరమీద ఉండదలిస్తే అది వేరే శైలి: ఫ్రెంచి దర్శకులు జాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ 1961 నాటి 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' చిత్రంలో, తీసింది అందులో కనిపించిన మనుషులకే వేసి చూపించి, వాళ్ళ వాదన కూడా సినిమాలో పెట్టారు. ఆ ధైర్యం ఉంటేనే అటు వెళ్ళు.

మళ్ళీ చేయించి తీయడం గురించి అడిగావు. 1922లో విడుదలైన 'నానూక్ ఆఫ్ ది నార్త్' డాక్యుమెంటరీ కోసం రాబర్ట్ ఫ్లాహెర్టీ, ఇగ్లూ (మంచు ఇల్లు) లోపలికి వెలుతురు చాలక, గోడ సగమే ఉన్న ఇగ్లూ కట్టించి తీశాడు. అప్పటికే తుపాకులు వాడుతున్న అక్కడి ఇన్యూట్ వేటగాళ్ళచేత ఈటెలతో వేట ఆడించాడు. మొదటిది కెమెరా అవసరం, రెండోది అబద్ధం. నీ గీత ఈ రెండింటి మధ్య గీసుకో. ఆమె పనిని ముందు ఆపకుండా తియ్యి, ఆ తర్వాత చేతి క్లోజప్‌లు అడుగు. అవి పది నిమిషాల్లో ముగించు, గుమ్మంలోంచి పడే ఎండ జరిగితే షాట్లు కలవవు.

టీవీకైతే బ్రేకు తర్వాత వచ్చినవాడి కోసం అప్పటిదాకా జరిగింది చెప్పే రెండు వాక్యాలు. అంతకు మించి వద్దు.

ఇప్పుడు 2,600 మాటల్ని 900కి దించు. గడియారం పెట్టుకుని, పైకి చదువుతూ కొట్టెయ్. రెండో పేజీలో ఎండలో ఆరుతున్న నూలు మీద రాసిన నాలుగు మాటల్ని మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
నీ అన్న