తంబూరా పెట్టె చేస్తున్న అబ్బాయిని ఏఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె, రొయ్యల చెరువులున్నాయి. మా వాడు ఈసీఈ మూడో ఏడు. మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్‌తో ఎలక్ట్రానిక్ తంబూరా చేస్తానంటూ రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరిపోయారు. విసుగొచ్చి సోల్డరింగ్ ఐరన్ తీసి బీరువాలో పెట్టేశాను. ఏఐ మేలా, ఇలా పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాం రాసే ఎంబెడెడ్ మేలా? పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ ఐరన్ తీసి అబ్బాయి చేతికివ్వండి. ఇరవై ఏళ్ల కుర్రాడి పనిముట్టు లాక్కోవడం క్రమశిక్షణ అనిపించుకోదండీ.

మీరడిగింది ఏ కోర్సని. మీ భయం మాత్రం అందరూ పోయే దారిన పోకపోతే వాడొక్కడే వెనకబడిపోతాడని. అది ప్రతి తండ్రికీ ఉండే భయమే. కానీ మీవాడు చేస్తున్నది ఆట కాదు.

ధ్వని సెకనుకు 44,100 శాంపిళ్లుగా, అంటే దాని ఎత్తుపల్లాలు చెప్పే అంకెలుగా, బయటికి వెళ్లాలి. వాటిని కాసేపు నిల్వ ఉంచే చోటు బఫరు. 128 శాంపిళ్ల బఫరు 2.9 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. ఆలోగా తర్వాతిది నిండకపోతే స్పీకర్లో టక్కుమంటుంది. ఈఎస్పీ32 అనే చిప్ మీద, పనులకు (టాస్కులకు) వంతులు వేసే ఫ్రీఆర్‌టాస్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంటే వాడు కచ్చితంగా ఇక్కడే చిక్కుకుని ఉంటాడు, మీకు కనిపించే రాత్రి జాగరణ దానికోసమే. వాడికి ఈ మాటలు చూపించండి. ఆడియో టాస్క్‌కి వాడి టాస్కులన్నిటికన్నా ఎక్కువ ప్రయారిటీ ఇచ్చి, చిప్‌లోని రెండు ప్రాసెసర్లలో (కోర్లలో) రెండో కోర్‌కి కట్టేయాలి, వైఫై మొదటి కోర్‌లో ఉంటుంది. ఆ టాస్క్‌లో అక్షరాలు చూపించే ప్రింట్‌ఎఫ్, మెమరీ అడిగే మాలాక్ ఉండకూడదు. ఆ చిప్‌లో డబుల్ (ఎక్కువ దశాంశాల) లెక్కలు హార్డ్‌వేర్‌లో జరగవు. అందుకని శాంపిల్ శాంపిల్‌కీ సైన్ లెక్కించకుండా 1,024 విలువల పట్టిక పెట్టుకోవాలి. నాబ్ తిప్పిన విలువలు క్యూలో (వరుసలో) పంపి, ఆడియో వైపు ఏమాత్రం ఆగకుండా చదవాలి. శ్రుతి మార్చిన ప్రతిసారీ ఫ్లాష్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) సేవ్ చేస్తే ఆ కాసేపు రెండు కోర్లూ ఫ్లాష్‌లోని కోడ్ నడపలేవు, బఫరు ఎండిపోతుంది. తంబూరా ఆపాకే సేవ్ చేయమనండి.

ఇంకొకటి. షడ్జమం 261.63 హెర్ట్‌జ్ అయితే కింది పంచమం దానికి ముప్పావు, అంటే 196.22. కీబోర్డు పట్టికలోంచి 196.00 తీసుకుంటే రెండు తీగల పై స్వరాలు (హార్మోనిక్స్) కలిసి సెకనుకు ఇంచుమించు ఒకసారి ఊగుతాయి. పాడేవాళ్ల చెవి వెంటనే పట్టేస్తుంది.

ఇక ఏఐ. ఆ విద్య గొప్పది, దానికి లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా కావాలి. నా అనుమానమంతా మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుల మీద. ఎవరో చేసిన మోడల్‌ని నోట్‌బుక్ అనే కోడ్ పేజీలో నడిపి అందరూ ఒకే ప్రాజెక్టు రెజ్యూమెలో పెడుతున్నారు. "ఇక్కడ ఈ విలువే ఎందుకు పెట్టావ్?" అంటే గొంతు పెగలదు. మీవాడు మాత్రం తన పెట్టెలో ప్రతి లైనుకీ కారణం చెప్పగలడు.

అయ్యా, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్ వెంటనే తిరగాలి కదా. కంట్రోలర్ ముందు మీ ఫోన్‌కి మెసేజ్ పంపాలని సిగ్నల్ కోసం ఆగిపోతే రొయ్యలు తేలిపోతాయి. అర్జెంటు పని, ఆగగల పని కోసం ఆగకూడదు. కొడుకు నేర్చుకుంటున్నది సరిగ్గా అదే. చెరువు దగ్గర విలువ తెలిసిన మీరే ఇంట్లో దాన్ని కాలక్షేపం అంటే ఎలా?

నిజం దాచను. సంగీత పరికరాలే చేసే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. కానీ కార్లు, వైద్య పరికరాలు, ఇయర్‌ఫోన్లు, చిప్‌లు చేసేచోట్ల కావలసింది ఈ పనే. అవి హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. ఫ్రెషర్ల ఖాళీలు సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ, చాలావరకు క్యాంపస్‌కి రావు, వెతుక్కుని అప్లై చేయాలి. మొదటి జీతం కూడా పెద్దగా ఊహించుకోకండి. ఒకవేళ అటు కుదరకపోయినా సీ భాష, లైనక్స్ గట్టిగా వచ్చినవాడు సాఫ్ట్‌వేర్‌లోనూ నిలబడతాడు. మీవాడు రోడ్డున పడడు, ఆ దిగులు వదిలేయండి.

పని మాత్రం సగంలో వదలనివ్వకండి. గుచ్చి పెట్టే జంపర్ వైర్లు తీసేసి బోర్డు మీద సోల్డర్ చేయించండి, మన ఉప్పుగాలికి వాటి కొసలు తుప్పుపట్టి గరగర మొదలవుతుంది. రాత్రంతా ఎనిమిది గంటలు ఆపకుండా మోగించి, బఫరు ఎన్నిసార్లు ఎండిందో, ఒక్కో టాస్క్‌కి స్టాక్ (అది వాడుకునే మెమరీ) ఎంత మిగిలిందో రాసుకోమనండి. ఎండినవి సున్నాకి వచ్చాక ఆ లెక్కలు, సర్క్యూట్, కోడ్ కలిపి, కోడ్ అందరికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, వేసవి ఇంటర్న్‌షిప్ దరఖాస్తులకు ఆ లింకు జతచేయాలి.