ఫామ్‌హౌస్ సంగతి తర్వాత, ముందు గచ్చు పని ఆపండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉద్యోగం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పచ్చదనం మధ్య ఉంటే మనసు కుదుటపడుతుందని చదివాను. ఊరి బయట చిన్న ఫామ్‌హౌస్ కొందామంటే మావారు వినడం లేదు. మా మామగారు రోజంతా పెరట్లో చెట్టు కిందే ఉంటారు, మట్టికాళ్లతో ఇల్లంతా తిరుగుతారు. అత్తగారు పోయాక ఎవరితోనూ మాట్లాడరు. వచ్చే నెల ఆ చెట్టు కొట్టించి పెరడంతా గచ్చు చేయిస్తున్నాను. మావారిని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. వారానికోసారి చూసే తోట కోసం ఇంట్లో రోజూ గొడవెందుకు? ఆ ప్రశ్న అంతటితో సరి.

గచ్చు మాట దగ్గర మాత్రం నాకు కోపమొచ్చింది. పచ్చదనం కోసం ఊరు దాటి పోదామంటూ ఇంట్లో చెట్టును కొట్టిస్తారా? అదీ భార్య పోయిన పెద్దాయన రోజంతా కూర్చునే చెట్టును! ఆయనతో మాట్లాడేవాళ్లు ఎవరున్నారమ్మా ఆ ఇంట్లో? మీ ఉత్తరంలో ఆయన గురించి ఉన్నదంతా ఫిర్యాదే. తండ్రి చెట్టుకు గొడ్డలి పెడుతుంటే నోరు మెదపని మీవారిని వేరే అడగాలి.

మీరు చదివింది నిజమే. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన రోగులను పోల్చి చూసి 1984లో ఒక సంగతి రాశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే సుమారు ఒక రోజు ముందే ఇంటికెళ్లారు. గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. మంచం మీంచి చూసినందుకే అంత! ఇంగ్లండ్‌లో సుమారు 20 వేల మందిపై జరిగి 2019లో వచ్చిన అధ్యయనంలోనైతే, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లలో, అసలు గడపనివాళ్లలోకంటే ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్నామన్నారు. ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా లేదు. రోజుకు ఇరవై నిమిషాలు కూడా కాదు. మొదలుపెట్టడానికి మీ పెరడు చాలదూ?

గచ్చు పోస్తే వాన నీరు నేలలోకి ఇంకదు. పగలు కాగిన సిమెంటు రాత్రి కూడా సెగ కక్కుతుంది. చెట్టు నీడనివ్వడమే కాదు, ఆకుల్లోంచి తేమ వదిలి గాలిని చల్లబరుస్తుంది. నిద్ర పట్టదంటూనే ఆ చల్లదనాన్ని నరికించుకుంటారా?

నెల దాటినా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి, దానికి చెట్టు చాలదు. మట్టికాళ్లకు గుమ్మం ముందు ఓ గోనెపట్టా వేస్తే సరి. పనివాళ్లకు ఇవాళే ఫోన్ చేసి రావద్దని చెప్పండి. రేపు పొద్దున్నే ఇంకో కుర్చీ పట్టుకెళ్లి ఆయన పక్కన కూర్చోండి. మాట కలవకపోతే, "మామయ్యగారూ, దేనికి నీళ్లు పోయమంటారు?" అని అడగండి.