పాత రేడియేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో నేను ఎలా తేల్చుకున్నానంటే

బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి వేడిని ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రం) పెట్టాలనుకుంటున్నారు, గదుల్ని వేడి నీళ్లతో వెచ్చబరిచే రేడియేటర్లకేమో లేబుళ్లు లేవు, ఒక్కోటి ఎంత వేడి ఇస్తుందో ఎలా తెలుస్తుందని అడిగారు కదా. రెండేళ్ల కిందట నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

లేబుల్ లేకపోయినా పర్లేదు. ఎత్తు, పొడవు కొలిచి, పైనుంచి తొంగి చూసి ఎన్ని ప్యానెళ్లు (నీళ్లు తిరిగే పలకలు) ఉన్నాయో, వాటి మధ్య ముడతల రేకులు ఎన్ని వరసలో లెక్కపెట్టండి. అదే కొలత, అదే రకం ఏ కంపెనీ క్యాటలాగ్‌లో దొరికినా అంచనాకి చాలు. రెండు ప్యానెళ్లు, రెండు వరసల రేకులు ఉంటే టైప్ 22; 60 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు పొడవుంటే సుమారు 1700 వాట్లు.

నేను తప్పు చేసింది ఇక్కడే, ఆ 1700ని అలాగే తీసుకున్నాను. అది నీళ్లు 75 డిగ్రీలతో లోపలికెళ్లి 65తో బయటికొస్తూ, గది 20లో ఉన్నప్పటి లెక్క, అంటే నీళ్ల సగటుకీ గదికీ మధ్య తేడా 50. హీట్ పంప్ పెట్టాక నీళ్లు సగటున 50 డిగ్రీలే ఉంటే ఆ తేడా 30కి పడిపోతుంది, వేడి అంతకన్నా ఎక్కువే పడిపోతుంది, ఎందుకంటే రేకుల మధ్య గాలి పైకి లేచే జోరు కూడా తగ్గుతుంది. 30ని 50తో భాగించి, వచ్చినదాన్ని 1.3 ఘాతానికి పెంచండి: 0.515. అంటే 1700 కాస్తా 875 అవుతుంది. నీళ్ల సగటు 45కి దిగితే 690.

నీళ్ల వేడి రెండు పైపుల దగ్గరా చూసి సగటు తీయండి. మెరిసే రాగి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, నల్ల టేప్ చుట్టి దాని మీద చూడాలి.

ఇంతకీ గదికి ఎంత కావాలి? దీనికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. బయట సున్నా డిగ్రీలున్న ఒక రాత్రి పడకగదిలో రేడియేటర్ ఆపేసి, థర్మోస్టాట్ ఉన్న కరెంటు హీటర్‌ని ప్లగ్ మీటర్ (ఎంత కరెంటు కాలిందో చూపేది) ద్వారా పెట్టి గదిని 20 దగ్గర ఉంచాను. 9 గంటల్లో 6.3 యూనిట్లు కాలింది, అంటే సగటున 700 వాట్లు. బయట మైనస్ 5 అయితే అదే లెక్కన 875 కావాలి, నీళ్లు సగటున 50 డిగ్రీలుంటే ఆ గదిలోని నా టైప్ 22 రేడియేటర్ ఇచ్చేది సరిగ్గా అంతే, గది చల్లబడితే మళ్లీ వేడెక్కించడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ గదికి మాత్రం టైప్ 33 (మూడు ప్యానెళ్లు, మూడు వరసల రేకులు) కొన్నాను, మిగతావి అలాగే ఉంచేశాను.