తేరుకోని నీళ్ళు

అమలాపురం,
ఆషాఢం, కాలువకి ఎర్రనీరు వచ్చిన మర్నాడు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు ఊరికే చదివాను, మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. పదకొండు పేజీల్లో 'డిస్టర్బ్' అనే మాట తొమ్మిది చోట్ల వచ్చింది. లెక్కపెట్టడం ఉద్యోగంలో పట్టుబడ్డ అలవాటు, ఏమనుకోకు.

ఇంగ్లీషు మాట వాడావని కోపం కాదు. నీ కథలో కువైట్ నుంచి దిగిన తల్లి ఫోన్లో "డిస్టర్బ్ చేశానా అండీ?" అంటే అది తెలుగే. మా వీధిలో కొబ్బరికాయలు దింపే అతను మధ్యాహ్నం గేటు కొట్టి అదే మాట అడుగుతాడు. సంభాషణల్లో నాలుగున్నాయి, వాటి జోలికి వెళ్ళకు. మిగతా ఐదూ కథ చెబుతున్న నీవి. నా పేచీ వాటితో. కూతురు తలుపు తీసి "ఆంటీ, ఎవరు కావాలి?" అంటే తల్లి డిస్టర్బ్ అయింది. అమ్మమ్మ ఖర్చుల లెక్క చెబుతుంటే డిస్టర్బ్ అయింది. తన బంగారం తాకట్టులో ఉందని తెలిసీ డిస్టర్బే అయింది. జ్వరానికీ, పంటినొప్పికీ, కాలు బెణుకుకీ ఒకే బిళ్ళ ఇచ్చే వైద్యం ఇది.

అంత ఇష్టంగా వాడావు కాబట్టి ఆ మాట పుట్టిల్లు చూపిస్తాను. లాటిన్‌లో 'టుర్బా' అంటే జనసమ్మర్దం, గలభా. దాని నుంచి వచ్చిన క్రియకి చెదరగొట్టడం, కలియబెట్టడం అని అర్థం. ముందు 'డిస్' చేరేసరికి పూర్తిగా చెల్లాచెదరు చెయ్యడం అయింది. ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి, ఏడువందల ఏళ్ళ కిందటే ఇంగ్లీషులోకి వచ్చింది. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభలు వెళ్ళడం నువ్వు చూసే ఉంటావు. భుజాల మీద ప్రభలతో కౌశిక ఏట్లోకి దిగి, అవతల పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ జనం వెళ్తారే, ఆ తొక్కిడి 'టుర్బా'. మన రైతు దాన్ని శుభమనుకుంటాడు, అది వేరే సంగతి. నీ కథలో అంత తొక్కిడి ఉన్న చోటు ఒక్కటే, ఆ తలుపు దగ్గర. ఖర్చుల లెక్కకి అంత పెద్ద మాట ఎందుకు?

ఆ ఇంట్లోదే ఇంకో పిల్ల, 'ట్రబుల్'. దాని మూలం బురదనీళ్ళు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో దేవదూత కోనేటిలో దిగి నీళ్ళు కదిలించే చోట ఇదే క్రియ వాడారు. అంటే నీళ్ళని 'ట్రబుల్' చేశాడన్నమాట. ఇప్పుడెవరైనా అలా రాస్తే తప్పు దిద్దుతారు. నేను ముప్పై అయిదేళ్ళు మునిసిపాలిటీ ఫిల్టర్ హౌస్‌లో పనిచేశాను కదా, ఎర్రనీరు రాగానే మా వాళ్ళంతా "టర్బిడిటీ పెరిగింది" అనేవాళ్ళు, అంటే నీళ్ళలో మడ్డి. అదీ ఆ కుటుంబమే. తాగేనీళ్ళలో అది 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే కొలమానం) మించకూడదని మన దేశపు ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. నీళ్ళ మడ్డికి అంకె ఉంది. మనసు మడ్డికి అంకె లేదు కనకే మాటలు జాగ్రత్తగా వాడమంటున్నాను.

'అప్‌సెట్' అయితే మరీ తమాషా. మొదట్లో దానర్థం నిలబెట్టడం! తర్వాతెప్పుడో బళ్ళూ పడవలూ తిరగబడటానికి వచ్చి, అక్కణ్ణించి మనసుకెక్కింది. కమ్మరం పనిలో మాత్రం ఎర్రగా కాల్చిన కమ్మీ కొసని సుత్తితో కొట్టి లావు చెయ్యడాన్ని ఇప్పటికీ అప్‌సెట్ చెయ్యడమే అంటారు.

ఇప్పుడు మనింటికి వద్దాం. కలచడం అంటే ముందు నీళ్ళని కలచడమే. కలక అంటే మడ్డి. కంటికొస్తే కళ్ళకలక, మనసుకొస్తే కలత. లాటిన్‌కీ తెలుగుకీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఇద్దరూ ఏటి ఒడ్డునే కూర్చుని మనసుకి మాట వెతుక్కున్నట్టుంది. మనవాళ్ళు ఇంకో అడుగు వేశారు, ఆ నీళ్ళు తిరిగి తేటపడటాన్ని కూడా మనిషికి అన్వయించారు. మడ్డి అడుక్కి దిగితే నీళ్ళు తేరుకున్నాయంటాం, కొడుకు పోయిన తల్లి మళ్ళీ పొయ్యి వెలిగిస్తే తేరుకుందంటాం. 'డిస్టర్బ్' అయిన మనిషి తేరుకోవడానికి ఆ ఇంగ్లీషు మాటలో దారి నాకు కనపడదు. నీ కథలో తల్లి కూడా ప్రతిసారీ డిస్టర్బ్ అవుతుంది, వెంటనే సీను మారుతుంది, తర్వాతి పేజీలో నవ్వుతూ పులిహోర కలుపుతుంటుంది. ఆ మధ్యలో ఏమైంది?

1986 ఆగస్టు గోదావరి వరదకి నాకు ఇరవై రెండేళ్ళు. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు, ఆ ఏడు 75.6 దాకా వచ్చింది. మా లంక మునిగింది. ఏటిగట్టు మీద పాకలో ఉన్నాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి లేవు. నాయనమ్మ కుండ లోపలి గోడకి నీళ్ళు తేర్చే ఇండుపగింజ అరగదీసి, ఎర్రనీళ్ళు పోసి, పైన గుడ్డ కప్పి ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మా చూడిగేదె కొట్టుకుపోయింది. దాని గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. మూడోనాడు పక్కపాకావిడ వచ్చి "ఎలా ఉన్నావు వదినా?" అంటే, నాయనమ్మ కుండ వైపు చూస్తూ "ఇంకా తేరలేదు" అంది. నీళ్ళ సంగతో తన సంగతో నాకిప్పటికీ తెలియదు.

దాని మీద నేను రాసిన మొదటి కథలో ఆ మాట లేదు. 'ఆ దృశ్యం నన్ను తీవ్రంగా కలచివేసింది' అని ఉంది. అచ్చయింది కూడా. అదే నా ఖర్మ, తప్పని చెప్పినవాడు లేడు.

కాబట్టి నీ ఐదింటి సంగతి. ఖర్చుల లెక్క దగ్గర తల్లి నొచ్చుకుంది, అంతే, చిన్న మాట చాలు. బంగారం దగ్గర 'ఆందోళన' సరిపోతుంది. దాని అసలర్థం ఊగడం, మొగుడికి చెప్పనా మాననా అని ఆవిడ చేసేదీ అదే. ఇప్పుడు ధర్నాలకి కూడా అదే మాటైపోయింది గానీ ఇక్కడ పాత అర్థమే పలుకుతుంది. ఏడో పేజీలోదీ, చివరిదీ ఊరికే కొట్టెయ్యి, వాక్యానికి ఏ లోటూ రాదు.

తలుపు దగ్గరిది మాత్రం మాట మారిస్తే తీరేది కాదు. మా ఫిల్టర్ హౌస్‌లో జార్ టెస్ట్ అని ఒకటి చేసేవాళ్ళం. వరుసగా ఆరు గాజు బీకర్లలో మడ్డినీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేస్తాం. ముందు ఒక నిమిషం గిరగిరా తిప్పాలి. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా. అప్పుడే సన్నమడ్డి ఒకదానికొకటి అంటుకుని దూదిపింజల్లా బరువెక్కుతుంది. ఆ మీదట కదపకుండా అరగంట వదిలెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళు రెండోదాన్ని ఎగ్గొట్టేవాళ్ళు. పటిక వేశాం, తిప్పాం, ఇంకా తేరదేమిటండీ అని నన్నడిగేవాళ్ళు.

నీ కథలో 'ఆంటీ' రెండో పేజీలో గిరగిరా తిప్పింది. మెల్లగా తిప్పాల్సినది ఎనిమిదో పేజీలో ఒక్క వాక్యంగా పడి ఉంది: అర్ధరాత్రి తల్లి నిద్రలో అరబ్బీలో కలవరించింది, పక్కన పడుకున్న కూతురికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను పుస్తకం మూసి వరండాలోకి వెళ్ళింది ఆ వాక్యం దగ్గరే. దాన్ని ముందుకి లాక్కురా. ఆ రాత్రికి రెండు పేజీలివ్వు. పులిహోర మర్నాడు కలుపుకోవచ్చు.

రెండో ప్రతి పంపేటప్పుడు ఎక్కడేం మార్చావో గుర్తులు పెట్టకు, నేనే వెతుక్కుంటాను. మీ అమ్మమ్మగారి దగ్గర ఇండుపగింజలు ఉన్నాయేమో అడుగు. ఇక్కడ పచారీ కొట్లో అడిగితే పటిక ఇస్తున్నారు. ఉంటే కవర్లో రెండు వేసి పంపు, మా మనవడికి చూపించాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు