గంటకు ఎంత అని అడిగావు కదా, అమ్మలూ

గుంటూరు

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి బెజవాడ వచ్చేశావని అన్నయ్య చెప్పాడు. "ఓ ట్రాన్స్‌పోర్టు వాళ్లకి కొటేషన్ పంపాలి, ఫ్రీలాన్సింగ్‌లో గంటకు ఎంత అడగాలి బాబాయ్" అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. నేనూ మొదటి నాలుగేళ్లు ఈ గంటల లెక్కతోనే నష్టపోయాను. చెయ్యి తిరిగి పని త్వరగా అయ్యేకొద్దీ నా బిల్లు తగ్గిపోయేది.

ముందు నీ కనీస ధర తేల్చుకో. ఏడాదికి 18 లక్షలు కావాలనుకుంటే 365తో భాగించకు. శని, ఆదివారాలు, పండగలు, జ్వరాలు, పని వెతుక్కునే రోజులు, డబ్బు రాని మీటింగులు తీసేస్తే బిల్లు వేయగలిగేవి 120 రోజులు మిగిలితే గొప్ప. అంటే రోజుకు 15 వేలు. ఇన్సూరెన్సు, ల్యాప్‌టాప్ ఇక నీ జేబులోంచే కాబట్టి ఇంకొంచెం పైనే వేసుకో. ఈ అంకె నీ మనసులోనే ఉండాలి. దీనికి దిగువన వచ్చే పనికి దణ్ణం పెట్టేయ్.

బయటికి చెప్పే ధర మాత్రం అవతలివాళ్ల నష్టాన్ని బట్టి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇక్కడ ఓ కోల్డ్ స్టోరేజీ వాళ్లు సాఫ్ట్‌వేర్ కావాలని పిలిచారు. ఏ స్క్రీన్లు కావాలో రాసుకుని 60 వేలు చెప్పేద్దామని వెళ్లాను. మార్చి నెల, సీజను. ఆఫీసు గదిలోకి కూడా మిరప ఘాటు కొడుతోంది. గుమాస్తా ముక్కుకి రుమాలు కట్టుకుని మూడు రిజిస్టర్లు తిరగేస్తున్నాడు. ఎదురుగా బెంచీ మీద ఓ రైతు, సరుకు దాచినట్టు ఇచ్చిన బాండు కాగితం చేత్తో పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాడు. ఆయన 80 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి ఏ ఛాంబరులో ఉందో దొరకడం లేదు. కొన్న వ్యాపారి లారీ బయట ఆగి ఉంది.

నేను ల్యాప్‌టాప్ మూసేసి యజమానిని అడిగాను: "ఇలా ఎన్నిసార్లు అవుతుందండీ? అయినప్పుడల్లా మీకు ఎంత చేతి చమురు వదులుతుంది?" ఆయన, గుమాస్తా కలిసి అక్కడే లెక్క వేశారు. లారీ వెయిటింగు, ఒకరి సరుకు ఇంకొకరికి వెళ్లినప్పుడు కట్టిన తేడా, రెండోసారి హమాలీ కూలి, అన్నీ కలిపితే ఏడాదికి 9 లక్షలు దాటింది. ఆ అంకె వచ్చింది ఆయన నోటితోనే. నేను రెండున్నర లక్షలు చెప్పాను. ఆయన బేరమాడలేదు. వచ్చే సీజన్‌లోపు అవుతుందా అని మాత్రం అడిగారు.

కాబట్టి మొదటి మీటింగులో నీ పైథాన్, రియాక్ట్ కోడింగ్ ఊసెత్తకు. ఎక్కడ డబ్బు కారిపోతోందో అడుగు. ధర చెప్పాక మాట్లాడకు. "మీరే చూసి ఇవ్వండి లెండి" అనేయడం మనకి అలవాటు. ఆ ఒక్క మాటతో నేను పోగొట్టుకున్నది తక్కువేం కాదు. ఎక్కువన్నారనుకో, ధర దించకు, పని తగ్గించు: "రిపోర్టులు రెండో విడతలో పెట్టుకుందామండీ" అను. ఏం కావాలో వాళ్లకే తెలియని చోట మొత్తానికి ధర చెప్పొద్దు. రెండు వారాల పరిశీలనకి విడిగా డబ్బు తీసుకుని, రిపోర్టు ఇచ్చాక చెప్పు.

పని ఎక్కడ దొరుకుతుందంటావా, నాకు వచ్చిన మంచి పనుల్లో సగానికి పైగా పాత టీమ్ లీడ్‌లు, కొలీగ్స్ ఇచ్చినవే. ఈ వారమే ఓ 20 మందికి ఫోన్ చెయ్. "ఏదైనా పని ఉంటే చెప్పండి" అంటే ఎవరికీ గుర్తుండదు. నువ్వు ఐదేళ్లు చేసింది ట్రాన్స్‌పోర్టు బిల్లింగే కదా, ఆ మాటే చెప్పు. బెజవాడలో లారీ ఆఫీసులకి కొదవా? ఆడిటర్లని కూడా కలువు. ఎవరి లెక్కలు ఎక్కడ తెగడం లేదో ముందు తెలిసేది వాళ్లకే.

అడ్వాన్సు 40 శాతం పడ్డాకే పని మొదలుపెట్టు. నోటిమాట నమ్మినందుకు ఓ కంపెనీ దగ్గర చివరి వాయిదా కోసం ఎనిమిది నెలలు తిరిగాను. పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకో. చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చిన్న సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది, ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. ఆ సంగతి బిల్లు కిందే రాయి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. జీఎస్టీ తీసుకున్నాక విదేశీ క్లయింటుకి పన్ను లేకుండా బిల్లు వేయాలంటే ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి, ఆడిటర్‌తో ముందే మాట్లాడు.

ఆ ట్రాన్స్‌పోర్టు వాళ్లకి పంపుతానన్న కొటేషన్ ఇంకా పంపకు. ఆదివారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కి రా. అందులో గంటల కాలమ్ కొట్టేసి, వాళ్లని ఏమేం అడగాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ బాబాయి