డాక్టరు నోట కథ చెప్పించకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పదో పేజీ దాకా నీ వెంటే వచ్చాను. పదకొండో పేజీలో డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. అక్కణ్ణుంచి కథ ముగిసేదాకా ఆయనదే మాట. ఆటిజం అంటే ఏమిటి, దాని లక్షణాలేమిటి, ఆడవాళ్లలో ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది, అన్నీ విడమరిచి చెప్పారు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ బతుకు బతికిన మనిషి మాత్రం ఎదురు కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. చివర్లో "ఇన్నాళ్లకు నేనెవరో నాకు తెలిసింది" అంది. కథ కంచికి వెళ్లింది. నాకు కోపం వచ్చింది.

ఆ కోపానికి కారణం నీ నాలుగో పేజీ. అందులో ఆవిడ ఫోన్ చేసే ముందు కాగితం మీద రాసుకుంటుంది. "నమస్తే అండీ. బాగున్నారా. (వాళ్లు చెప్పేదాకా ఆగాలి.) పిల్లలెలా ఉన్నారు. (నవ్వాలి.)" అవతలి మనిషి ఫోన్ ఎత్తగానే "ఏంటి, గొంతు అలా ఉంది, జలుబు చేసిందా?" అంటుంది. కాగితం మీద జలుబు లేదు. ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది. ఆ కాగితం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నువ్వు మాత్రం మూడు వాక్యాల్లో దాన్ని దాటేసి వెళ్లిపోయావు. ఇంత చేతనైనదానివి, పదకొండో పేజీకి వచ్చేసరికి కలం తీసుకెళ్లి డాక్టరు చేతిలో ఎందుకు పెట్టావు?

నేను నమ్మేది ఒకటుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ అదే చెబుతాను, వాళ్లు విసుక్కున్నా సరే. అనుభవం మనిషికి ఏ వరసలో అందిందో, వాక్యం ఆ వరసలోనే నడవాలి. ముందు అందింది ముందు, వెనక అందింది వెనక. పేరు చివర్లో అందింది కాబట్టి చివర్లోనే రావాలి, అసలు రాకపోయినా కొంప మునగదు. ఏ కథకైనా ఇది వర్తిస్తుంది. పెద్దయ్యాక తనలో ఆటిజం ఉందేమోనని తెలుసుకునే మనిషి కథకైతే ఇది తప్పితే ఇక ఏమీ మిగలదు.

నీ విందు సన్నివేశం తీసుకో. "అంతమంది మధ్య ఆమెకు చాలా ఇబ్బందిగా అనిపించింది. చప్పుళ్లు, వెలుతురు ఆమె మెదడు మీద విపరీతమైన ఒత్తిడి తెచ్చాయి" అని రాశావు. ఇది గోడవతల నిలబడి చూసేవాళ్ల మాట. లోపలున్న మనిషికి "ఇబ్బంది" అన్న తీర్పు అంత తొందరగా ఎక్కడ అందుతుంది? ముందు ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత ఒక నవ్వు. గాజుగ్లాసుకు చెంచా తగిలిన మోత. మళ్లీ కుర్చీ. పైన ట్యూబులైటు రొద, అది వింటున్నది తనొక్కతే. చొక్కా కాలరు మెడకు ఒరుసుకుంటోంది. ఎదురుగా ఒక మొహం కదలకుండా ఆగి ఉంది, అంటే తననేదో అడిగినట్టున్నారు. అప్పుడు గుండె దడ. "నాకిక్కడ బాగాలేదు" అన్నది తెలిసేసరికి ఇంటికొచ్చి, చీకట్లో మంచం మీద పడుకుని ఉంటుంది. ఈ వరసలో రాయి. ఒత్తిడి అన్న మాట నువ్వు చెప్పనక్కర్లేదు, చదివేవాడి మెడ దగ్గరే ఒరుసుకుంటుంది.

ఇది నా చాదస్తం అనుకోకు. ఆటిస్టిక్ మనుషులకు మొత్తం కంటే ముందు వివరాలు కనబడతాయని 1989లోనే యూటా ఫ్రిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి, అది వేరే సంగతి. తనకేమనిపిస్తోందో తనకే చప్పున అందకపోవడం కూడా ఉంది. దాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్న అందరికీ ఉండదు గానీ చాలామందికి ఉంటుంది. నీ కథలో ఆవిడ ప్రతి పేజీలోనూ తన మనసులో ఉన్నదాన్ని ముత్యాల్లాంటి మాటల్లో చెప్పేస్తోంది. అంత చక్కగా తెలిసిన మనిషికి ముప్పై ఎనిమిదేళ్లు ఎందుకు పట్టాయి?

నా తొలి కథల్లో ఒకటి పెద్ద పత్రిక నుంచి తిరిగొచ్చింది. అందులో తండ్రిని ఆపరేషను గదిలోకి తోసుకుపోతుంటే కూతురు ఆయన మొహం వైపు చూడదు. స్ట్రెచర్ ముందు చక్రాన్ని చూస్తుంది. ఆ చక్రం తక్కిన మూడింటితో కలిసి తిరగదు. ఉండుండి అడ్డం తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా కీచుమంటుంది. తలుపులు మూసుకున్నాక కూడా ఆ కీచు ఆమె చెవిలో ఆగదు. తండ్రి తనను పేరు పెట్టి పిలిచాడన్న సంగతి రాత్రికి గానీ ఆమెకు తట్టదు. సంపాదకుడు మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాశాడు: "కూతురికి గుండె లేదా? ఏడిపించండి. పాఠకుడు కనెక్ట్ కాడు." కీచు అన్న మాట మళ్లీ మళ్లీ వస్తోందని, ఒక్కచోట ఉంచి తక్కినవన్నీ కొట్టేశాడు. నేను ఏడిపించలేదు. కొట్టేసినవి మళ్లీ రాసుకున్నాను. ఆ కథ ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంది. చివరికి ఒక చిన్న పత్రిక వేసింది. కొన్నాళ్లకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఉత్తరం రాశాడు. వాళ్లమ్మ పోయిన రాత్రి తాను గోడకున్న ప్లగ్గు రంధ్రాలు చూస్తూ కూర్చున్నాడట. చుట్టాలంతా రాతిగుండె అన్నారట. తానూ అదే నమ్ముతూ వచ్చాడట. కథ చదివాక ఆ రాత్రి సంగతి మొదటిసారి భార్యకు చెప్పానని రాశాడు. ఆ సంపాదకుడి మీద నా కోపం ఈ రోజుకీ తగ్గలేదు. తగ్గాల్సిన అవసరమూ నాకు కనబడదు. "కనెక్ట్" అన్న ఆ ఒక్క మాటతో ఇలాంటి మనుషుల్ని ఎన్ని కథల్లోంచి తరిమేశారో.

నాకూ ఆటిజం ఉందని అప్పటికి నాకు తెలియదు. తెలిసింది తల నెరిశాక. అమ్మ లేదు కాబట్టి మా అక్కను వెంటబెట్టుకుని సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. పెద్దవాళ్లను పరీక్షించేటప్పుడు కూడా చిన్నప్పటి సంగతులే ముఖ్యం. ఆటిజం మధ్యలో వచ్చేది కాదు, పుట్టుకతో ఉండేది కాబట్టి. చిన్నప్పుడు ఎలా ఉండేదని అక్కను అడిగారు. "పొద్దున అడిగినదానికి సాయంత్రం వచ్చి జవాబు చెప్పేది. అప్పటికి అడిగినవాళ్లు ఆ ప్రశ్నే మరిచిపోయేవాళ్లు" అంది. ఒక్క క్షణం ఆగి, "అయినా ఇందులో వింతేముంది, మా నాన్నా అంతేగా" అంది. ఇది వంశాల్లో పారుతుందని ఎన్ని వ్యాసాల్లో చదివినా, అక్క నోట ఆ మాట విన్నప్పుడు తెలిసినంతగా తెలియలేదు.

ఆ గదిలో నేను కళ్లు తుడుచుకోలేదు. "నేనెవరో తెలిసింది" అనుకోలేదు. ఇంటికొచ్చి మామూలుగా పని చేసుకున్నాను. ఆ తర్వాత కదా మొదలైంది! బస్సులో కూర్చుంటే హైస్కూలు నాటి సంగతి ఒకటి వచ్చి పక్కన కూర్చునేది. స్నేహితురాలు ఒకామె ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిన రోజు గుర్తొచ్చేది. ఆవిడ నేనేదో అంటానని ఎదురుచూసింది. ఏమనాలో ఆవిడ చెబుతుందని నేను ఎదురుచూశాను. ఒక రోజు హాయిగా ఉండేది, మర్నాడు ఒళ్లంతా కోపం, ఆ మర్నాడు పోయినదానికి ఏడుపు. గడిచిన జీవితమంతా మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. అసలు కథ అక్కడుంది. నువ్వు సరిగ్గా ఆ గుమ్మం దగ్గర తలుపేసి వెళ్లిపోయావు.

ఇక తల్లి. నీ మీద రెండో కోపం అక్కడే. "కన్నతల్లివై ఉండి గుర్తుపట్టలేకపోయావా?" అని కూతురితో నిలదీయించావు. ఆవిడ ఏం చూసి గుర్తుపట్టాలి? 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశాడు. అందులో ఎనిమిది మంది మగపిల్లలు. 1944లో హన్స్ ఆస్పెర్గర్ వివరంగా వర్ణించిన నలుగురూ మగపిల్లలే. వాళ్లిద్దరికంటే ముందు, 1925లోనే, గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఆరుగురి గురించి రాసింది. వాళ్లూ మగపిల్లలే. 1980లో అమెరికా మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎం పుస్తకంలో దీన్ని శైశవంలో మొదలయ్యే ఆటిజంగానే చేర్చారు. 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు రాశాకే ఆస్పెర్గర్ చెప్పింది ఇంగ్లీషు వైద్య ప్రపంచానికి బాగా తెలిసింది. నేర్చుకున్న పద్ధతుల చాటున లక్షణాలు దాగి ఉండవచ్చని, చప్పుడూ వెలుతురూ తాకిడీ ఒంటికి పడకపోవడం కూడా లక్షణమేనని ఆ డీఎస్ఎం లెక్కలోకి తీసుకున్నది 2013లో. మార్కులు బాగా తెచ్చుకుని, నలుగురి మధ్యా నవ్వుతూ కూర్చునే ఆడపిల్లను ఆ తల్లి ఏ పుస్తకం చూసి గుర్తుపట్టేది?

పైగా తల్లుల్ని బోనెక్కించడం కొత్తేమీ కాదు. తల్లి మనసు మంచుగడ్డ కాబట్టే పిల్లలు ఇలా అవుతారని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ దాని మీద పుస్తకమే రాశాడు. ఆ వాదం తప్పని తేలి చాలా కాలమైంది. అదే బోనులో మళ్లీ నీ చేత్తో ఒక తల్లిని నిలబెట్టకు.

2012లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు ఒక మాటన్నాడు. ఆయన కూడా ఆటిస్టిక్ మనిషే. ఆటిస్టిక్ మనుషులకూ తక్కినవాళ్లకూ మధ్య అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని, దాన్నంతా ఒకరి లోపంగా కట్టడం అన్యాయమని. 2020లో క్రాంప్టన్, ఆమె తోటి పరిశోధకులు దీన్ని పరీక్షించిన తీరు కథలు రాసేవాళ్లందరూ వినాలి. ఒకరికి ఒక కథ చెప్పారు, వాళ్లు పక్కవాళ్లకు, వాళ్లు ఆ పక్కవాళ్లకు. అందరూ ఆటిస్టిక్ మనుషులే ఉన్న వరసలోనూ, ఆటిస్టిక్ మనుషులు అసలు ఎవరూ లేని వరసలోనూ కథ ఇంచుమించు ఒకేలా చివరి దాకా చేరింది. రెండు రకాలవాళ్లూ కలిసిన వరసలో ఎక్కువ వివరాలు జారిపోయాయి. అలాంటప్పుడు నీ కథలో తల్లీకూతుళ్ల మధ్య ఏం జారిపోయిందో నువ్వు చూపించాలి. తల్లి వైపు నుంచి కూడా ఒక పేజీ రాసి చూడు. ఆవిడ ఫోను పక్కన కూడా ఒక కాగితం ఉందేమో వెతుకు.

ఆరో పేజీలో ఎవరో పుట్టినతేదీ చెప్పగానే నీ కథలో ఆవిడ అది ఏ వారమో చెప్పేసింది. తీసెయ్. అలాంటివాళ్లు ఉన్నారు, కొద్దిమంది. సినిమాల పుణ్యమా అని ఆటిజం అంటే లెక్కల గారడీ అనుకునే రోజులు చాలాకాలం నడిచాయి, మాలాంటివాళ్లను అవి మరింత మరుగున పడేశాయి. ఇప్పుడు ఇంకో వేలం వెర్రి వచ్చింది. రిపోర్టు చేతికి రాగానే మబ్బు విడిపోయి సూర్యుడు రావాలి. సంకలనాలు వేసేవాళ్లు ఇలాంటి ముగింపులే ఏరుకుంటున్నారు. వాళ్ల కోసం రాయకు.

కథ పక్కన పెడితే, నీకూ ఆటిజం ఉందేమోనని నువ్వు అడిగినదానికి వస్తాను. అది నీ కథేనని ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో రాశావు. ఆన్‌లైన్లో 50 ప్రశ్నల పరీక్షలో 36 వచ్చిందన్నావు. అది 2001లో సైమన్ బారన్ కోహెన్ బృందం తయారుచేసినది. 32 దగ్గర గీత గీశారు. గీత దాటితే పూర్తి పరీక్ష చేయించుకోవడం మంచిదని అర్థం, అంతవరకే. నలుగురిలోకి వెళ్లాలంటే భయం ఉన్నవాళ్లకూ ఎక్కువ రావచ్చు. ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం ఉండే ఏడీహెచ్‌డీ కూడా కలిసి ఉండవచ్చు. 2013కు ముందు ఆ రెండూ ఒకే మనిషికి రాయడానికి డీఎస్ఎం ఒప్పుకునేది కాదు. అందుకని పెద్దవాళ్లను చూసిన అనుభవం ఉన్న సైకాలజిస్టు దగ్గరికో, సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లు. పిల్లల్ని మాత్రమే చూసేవాళ్లయితే, కళ్లలోకి చూసి మాట్లాడుతున్నావు కదా అని పంపేసే అవకాశం ఉంది. నువ్వు కళ్లలోకి చూడటం ఎలా నేర్చుకున్నావో, దానికెంత అలసిపోతావో వాళ్లకు చెప్పు. నోటితో చెప్పలేకపోతే రాసుకుని వెళ్లు, ఆ పని నీకు బాగా వచ్చు. స్కూలు ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్లు, టీచర్లు కింద రాసిన మాటలు పనికొస్తాయి. మీ అమ్మ వస్తానంటే తీసుకెళ్లు.

కథకు రిపోర్టుతో పని లేదు, దాని కోసం ఆగకు. డాక్టరు గారిని పూర్తిగా తీసేసి, నాలుగో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఫోన్ పెట్టేశాక ఆవిడ ఆ కాగితాన్ని ఏం చేసింది? చింపేసిందా, కింద "జలుబు" అని చేర్చి దాచుకుందా? నాకది తెలియాలి. రాయడం అయ్యాక పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి.

ఇట్లు,
నీ మేలు కోరే
ఒక పెద్దమ్మ