అరబిక్ టీవీలో ప్రామాణిక భాష నుంచి వాడుకకు ఎలా మారతారు?

వార్తలు ముందే రాసిన పాఠం కాబట్టి ఫుస్‌హాలో, అంటే ప్రామాణిక అరబిక్‌లో నడుస్తాయి. అసలు మార్పు చర్చల్లో వినాలి. కైరో యాంకర్ ఒక్కసారిగా భాష మార్చడు. ముందు పదాల చివరి విభక్తి అచ్చులు రాలిపోతాయి. నిజానికి ఫుస్‌హాలో మాట్లాడాలనుకున్నవాళ్లూ వాటిని మింగేస్తారు, ప్రత్యక్ష ప్రసారంలో తప్పులు దొర్లేది అక్కడే మరి.

తర్వాత వ్యాకరణం మారుతుంది: "హాజల్ బైత్" (ఈ ఇల్లు) కాస్తా "ఇల్ బేత్ దా" అవుతుంది, "ఈ" అనే మాట వెనక్కి పోతుంది. రాజకీయ, న్యాయ పదాలు మాత్రం ఫుస్‌హాలోనే నిలుస్తాయి.

మొరాకో అతిథికి ఇది మరీ కష్టం. ఆయన దారిజా, అంటే మొరాకో వాడుక అరబిక్, గల్ఫ్ ప్రేక్షకులకు అంతుపట్టదు, అందుకే అల్ జజీరా లాంటి చానళ్లలో ఫుస్‌హాకు దగ్గరగా మాట్లాడాల్సి వస్తుంది.